పాముకాటు: గుర్తులు, ప్రథమ చికిత్స

ధవళేశ్వరము ఆనకట్టనుండి కాలువలకు నీరు విడిచి, తొలకరి వానలు కురియ నారంభింపగానే మన డెల్టాలో రైతులకును కూలీలకును తీరిక యుండదు. పాములకును ఉండదు. నీరు నిండిన కన్నములను విడిచి యెలుకలు గట్లమీదికిని, ఇండ్లలోని ధాన్యముయొద్దకును చేరును. వానివెంట పాములు వచ్చును. ఊడ్పులకు వంగిన చేతికిని, చీకటిలో గట్టుమీద నడచు వట్టికాలికిని కాటు తగులుట యీ దినములలో నెక్కువ. మన దేశమున 2000 మొదలు 2019 వఱకు ఏటేట సగటున 58,000 మంది పాముకాటువలన మరణించిరని పరిశోధకులు అంచనా కట్టిరి. మరణము లెక్కువగనున్న రాష్ట్రములలో మనదియు నొకటి.

పాములను శాస్త్రరీతిని గుర్తించుటకు జరిగిన తొలి ప్రయత్నములలో నొకటి మన తీరముననే జరిగినది. పదునెనిమిదవ శతాబ్ది చివర విశాఖపట్టణమున నుండిన పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు, ఏ పాము విషముగలది, ఏది కాదు అని శోధించి, 1796లో కోరమండల తీరపు పాములనుగూర్చి బొమ్మలతో గొప్ప గ్రంథమును ప్రకటించెను. రక్తపింజరిని ఆయన ‘కాటుక రేకుల పొడ’ యను తెలుగు పేరుతోనే అందు వర్ణించెను. నేడు లోక మా పామును రస్సెల్ పేరుతో పిలుచుచున్నది గాని, దాని యొంటిమీది నల్లని యంచుగల మచ్చలను కన్నులకు కట్టించు తెలుగు పేరే మాకు మేలుగ తోచుచున్నది.

రక్తపింజరి కఱచినచో నొప్పియు వాపును త్వరలో కనబడును. రక్తము గడ్డకట్టు గుణము చెడి చిగుళ్లనుండియు, మూత్రమునందును రక్తము పడవచ్చును. త్రాచుకాటునకు వాపుతోబాటు కనుఱెప్పలు వాలుట, మాట తడబడుట కలుగును. ఇవి యెవరైనను గమనింపగలరు. కట్లపాము కథ వేఱు. అది రాత్రివేళ నేలపై నిద్రించువారిని కఱచును. దాని కోఱలు మిక్కిలి చిన్నవి. గాటు కనబడకపోవచ్చును, వాపు రాదు, నొప్పి యంతగా నుండదు. తెల్లవారుజామున ఆ మనుష్యుడు కడుపునొప్పితో లేచును. ఇంటివారు అజీర్ణమని వామునీళ్లిత్తురు. కావున వానకాలమున నేలపై పరుండినవారికి తెల్లవారునప్పటికి కారణము తెలియని కడుపునొప్పియు, ఱెప్పలు బరువెక్కుటయు, మ్రింగుట కష్టమగుటయు కలిగినచో, గాటు లేకున్నను పాముకాటని యెంచి ఆసుపత్రికి కొనిపోవలెను.

ఇక చేయవలసినది కొంచెమే. కఱవబడినవానిని నడవనీయక, పరుండబెట్టి ధైర్యము చెప్పవలెను. ఉంగరములు, గాజులు, మట్టెలు, కడియములు వాపు రాకమునుపే తీయవలెను. విఱిగిన యెముకకు వలె, కఱవబడిన కాలికో చేతికో ఒక బద్దను చేర్చి, రక్తప్రసారము ఆగకుండ వదులుగా కట్టి, కదలకుండ నుంచవలెను. కఱచిన వేళను గుర్తుంచుకొనవలెను. 2005 ఆగస్టు 15వ తేదీన మన రాష్ట్రమున ప్రారంభమైన 108 వాహనమును పిలువవలెను. అది ఆలస్యమైనచో దొరికిన బండిమీదనే పోవలెను. పామును వెదకి పట్టుకొనుటకు పోరాదు. నాలుగు ముఖ్యమైన విషసర్పములకును పనిచేయు ఒకే మందును ఆసుపత్రిలో నిత్తురు.

కోయుట, నోటితో పీల్చుట, పసరు పోయుట, మంచుగడ్డ పెట్టుట తగవు. కాలికి త్రాటితో బిగించి కట్టుట మిక్కిలి అపాయకరము. ఆ భాగము చచ్చిపోవచ్చును. ఎవరైన ఇదివరకే కట్టియున్నచో, దారిలో తటాలున విప్పక, వైద్యునికి చూపవలెను.

మంత్రమువలన బ్రతికినవారిని మేము చూచితిమని పెద్దలు కొందఱు చెప్పుదురు. వారు అబద్ధమాడుట లేదు. నీరుకట్టె, జెఱ్ఱిపోతు కఱచినవారు మంత్రము లేకున్నను బ్రతుకుదురు. విషసర్పము సైతము ఒక్కొక్కప్పుడు విషము విడువకయే కఱచును. మంత్రగాని కీర్తి యంతయు వీరివలన వచ్చినదే. అచట గడచిన రెండు గంటలును నిజముగ విషమెక్కినవానికి తిరిగి రావు.

కట్లపాము విషము కండరములను పడగొట్టునే గాని స్పృహను ముందుగా తీయదు. ఱెప్ప లేపలేక, వ్రేలు కదపలేక, చచ్చినట్లు పడియున్నవాడు మన మాటలన్నియు వినుచుండవచ్చును. వాంతి యగుచున్నచో ఎడమప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. త్రాగుట కేమియు పోయరాదు. ఊపిరి యాగినచో, ముక్కు మూసి, నోటిలో నోరుంచి, ఱొమ్ము లేచునట్లు ఐదాఱు సెకండ్ల కొకసారి ఊదుచు, ఆసుపత్రి చేరువఱకు మానక చేయవలెను. అచట యంత్రము ఆ పనిని తీసికొనును. దినములతరబడి యంత్రముపై నుండి, పిదప తమంతట ఊపిరి తీసి, తమ కాళ్లతో ఇంటికి నడచిపోయినవారు కలరు.