అటకెక్కని అలవాటు

జనవరి 1న ఇంటికి కొత్త బ్లెండర్ వస్తుంది. మర్నాడు పొద్దున అందరికీ తలో గ్లాసు పచ్చటి స్మూతీ. ఫొటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడతారు. బాబాయి ‘సూపర్’ అంటాడు, అత్తయ్య ఎలా చేశారో చెప్పమంటుంది. భోగి మంటలు వేసే నాటికి బ్లెండర్ అటకెక్కుతుంది. ఫ్రిజ్ అడుగున పాలకూర కట్ట నల్లబడి నీరు కారుతుంటుంది. ఇంటిల్లిపాదీ మళ్లీ పాత దారికే వచ్చేస్తారు.

‘నాకు పట్టుదల లేదు’ అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. పొద్దున ఏడింటికి, వీధి చివర స్కూలు బస్సు హారన్ వినబడుతుండగా, ఏ పండు వెయ్యాలి, ఏ ఆకు కడగాలి అని ఆలోచించాల్సి వస్తే ఎంత పట్టుదల ఉన్నవాళ్లైనా చేతులెత్తేస్తారు. అలవాటు నిలబడేది ముందుగా చేసుకున్న ఏర్పాటు మీదే. ఆ ఏర్పాటు ఎలా చేసుకోవాలో నేర్చుకోవడానికి ఒక గ్లాసు స్మూతీ చాలు. పని చిన్నది. బాగుందో లేదో నాలుకే చెప్పేస్తుంది. ఇక్కడ ఒంటబట్టిన పద్ధతి రేపు చదువుకీ, నడకకీ, పొదుపుకీ పనికొస్తుంది.

ఎందుకు తాగుతున్నారు?

ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోండి. బరువు తగ్గాలని, చర్మం మెరవాలని, ఒంట్లో విషాలన్నీ కడుక్కుపోవాలని మొదలుపెడితే పదిరోజుల్లో నీరసం వస్తుంది. విషాలు వడగట్టే పని కాలేయం, మూత్రపిండాలు రాత్రింబవళ్లు చేస్తూనే ఉన్నాయి. వాటికి స్మూతీ సాయం అక్కర్లేదు.

అసలు లోటు వేరే ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు రోజుకు కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు తినమంటున్నాయి. ఇప్పుడు మన కంచం చూసుకోండి. గుట్టంత అన్నం, పక్కన గరిటెడు కూర, నాలుగు ముక్కలు తేలుతున్న సాంబారు. ఆ 500 గ్రాముల లెక్క ఎక్కడా తేలదు. ఒక చిన్న గ్లాసు స్మూతీతో అందులో నూరు గ్రాములకు పైగా పూడ్చుకోవచ్చు. పైగా జ్యూస్‌లా వడగట్టి పిప్పి పారెయ్యం కనుక పీచు కూడా కడుపులోకి వెళ్తుంది.

కాబట్టి లక్ష్యాన్ని ఇంతకే కుదించండి: ‘రోజూ ఒక గుప్పెడు ఆకో కూరగాయో, అర పండు అదనంగా తింటాను.’ చిన్న లక్ష్యాన్ని చూసి మనసు భయపడదు. భయపడనిదాన్ని వాయిదా వెయ్యదు.

సగం పని రాత్రే

పొద్దున్నే కావాల్సినవన్నీ రాత్రి భోజనాలయ్యాక సిద్ధం చెయ్యండి. పాలకూరను మూడు నీళ్లు మార్చి కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, కాడలు తుంచి డబ్బాలో వెయ్యండి. కీరదోస చెక్కు తీసి ముక్కలు కొయ్యండి. ఆ రోజుకి ఎంత కావాలో అంతే. అన్నీ ఒకే డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ తలుపు తియ్యగానే కంటికి ఎదురుగా కనిపించే అరలో ఉంచండి. వెనకాల పెరుగు గిన్నె చాటున పెట్టారంటే మర్చిపోయినట్టే.

అరటిపండ్లు మచ్చలు పడి మెత్తబడుతున్నాయా? పారెయ్యకండి. తొక్క తీసి, చక్రాల్లా కోసి, ఒక పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డాక డబ్బాలోకి ఎత్తుకోండి. ముందే డబ్బాలో కుక్కితే అన్నీ కలిసి ముద్ద కట్టి, చాకుతో పొడిచినా ఊడిరావు. ఈ చక్రాలు ఉంటే పంచదార అక్కర్లేదు, ఐసు అక్కర్లేదు, స్మూతీ చిక్కగా వస్తుంది.

ఇక సమయం. ‘పొద్దున ఎప్పుడో ఒకప్పుడు’ అనుకుంటే ఆ ఒకప్పుడు రాదు. ఫలానాది జరగ్గానే ఫలానా పని చేస్తాను అని ముందే ముడివేసుకున్నవాళ్లు అనుకున్నది ఎక్కువగా చెయ్యగలుగుతారని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో ఒక వ్యాసంలో వివరించారు. మీ ఇంట్లో రోజూ తప్పకుండా జరిగే పని ఏది? పాలు కాచడం. ‘పాలగిన్నె పొయ్యి మీద పెట్టగానే ఫ్రిజ్‌లోంచి డబ్బా తీస్తాను’ అని ముడివెయ్యండి. పాలు పొంగేదాకా ఎలాగూ అక్కడే నిలబడాలి కదా!

కష్టమైనది ముందు

మిక్సీ జార్‌లో అన్నీ ఒకేసారి పడేసి తిప్పితే పండు గుజ్జవుతుంది గానీ ఆకు తునకలుగా మిగిలి పళ్లకు అతుక్కుంటుంది. వరస పాటించండి. మొదట మజ్జిగో నీళ్లో పొయ్యండి. అందులో ఆకు వేసి, ఒక్క తునక కూడా కనిపించనంత మెత్తగా తిప్పండి. ఆ తర్వాత కీర, క్యారెట్ లాంటివి. వాటి వెనక పండు. నానబెట్టిన గింజలు వేస్తే పండుతో పాటే. నిమ్మరసం చివర్లో, మిక్సీ ఆపాక.

జార్ నిండా వెయ్యకండి. మూడింట రెండు వంతులు దాటితే మూత సందుల్లోంచి గోడ మీదికి చిమ్ముతుంది. మోటార్ గుర్రుమంటున్నా ముక్కలు కదలడం లేదంటే బ్లేడు గాలిలో తిరుగుతోందని అర్థం. ఆపి, గరిటెతో కలిపి, రెండు చెంచాల నీళ్లు పోసి మళ్లీ ఆగి ఆగి తిప్పండి. నిన్న అల్లం వెల్లుల్లి నూరిన జార్‌ను మాత్రం ముట్టుకోవద్దు. ఎంత తోమినా మూత రబ్బరు ఆ వాసన వదలదు. స్మూతీకి ఒక జార్ విడిగా పెట్టుకోండి.

ఆఫీసు పనిలోనూ ఈ వరసే పెట్టి చూడండి. మెత్తటి పనులు ముందు ముగించి, నమలడానికి కష్టమైనదాన్ని సాయంత్రానికి వదిలితే అది తునకలుగా మిగిలిపోతుంది. ఓపిక ఉన్నప్పుడే దాని సంగతి చూడాలి.

గ్లాసు ఖాళీ అవగానే జార్‌లో అర గ్లాసు నీళ్లు, ఒక చుక్క సబ్బు వేసి ఒక్క తిప్పు తిప్పి కడిగెయ్యండి. ఎండిపోయిన జార్‌ను రాత్రి గీకాల్సి వస్తే మర్నాటి స్మూతీకి ఆ పూటే చెల్లుచీటీ. పని ముగించడం అంటే, రేపు మళ్లీ మొదలుపెట్టడానికి వీలుగా వదలడం.

మూడు రంగులు చాలు

యూట్యూబ్‌లో రకరకాల వంటకాలు చూస్తూ కూర్చుంటే మిక్సీ తిరగదు. మూడే పెట్టుకోండి. కొలత ఒక్కరికి, ఒక చిన్న గ్లాసుకు.

పచ్చది, సోమ, గురువారాల్లో: అర గ్లాసు మజ్జిగ, గుప్పెడు పాలకూర, మూడు కీర ముక్కలు, సగం అరటిపండు, నాలుగు పుదీనా ఆకులు, కాస్త నిమ్మరసం. నిమ్మలోని విటమిన్ సి, ఆకులోని ఇనుము ఒంటబట్టడానికి సాయపడుతుంది.

నారింజ రంగుది, మంగళ, శుక్రవారాల్లో: ఆవిరి మీద మెత్తబడిన సగం క్యారెట్, నాలుగు బొప్పాయి ముక్కలు, రెండు బత్తాయి తొనలు, నానబెట్టిన వేరుశనగ గింజలు ఐదారు, సరిపడా నీళ్లు. క్యారెట్, బొప్పాయిల్లోని కెరోటిన్ ఒంటికి అందాలంటే కాస్త కొవ్వు కావాలి. గింజలు అందుకే. దీంట్లో పాలు వద్దు. బొప్పాయిలోని ఎంజైము పాల మాంసకృత్తులను విడగొడుతుంది, కాసేపటికే చేదెక్కుతుంది.

ఎర్రది, బుధ, శనివారాల్లో: ఉడికించిన బీట్‌రూట్ రెండు ముక్కలు, తొక్కతో సహా సగం యాపిల్, చిటికెన వేలి గోరంత అల్లం, నిమ్మరసం, నీళ్లు. బీట్‌రూట్ తిన్నాక కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారు పడకండి.

ఎరుపునీ ఆకుపచ్చనీ కలపొద్దు. పోషకాలకేమీ కాదు గానీ రంగు బురదనీళ్లలా తయారవుతుంది. పిల్లలు గ్లాసు ముట్టుకోరు.

కివీ, బ్లూబెర్రీ దొరకలేదని ఆగకండి. వంద గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది, నారింజ కంటే దాదాపు నాలుగు రెట్లు. అరటికి బదులు వేసవిలో బంగినపల్లి ముక్కలు, చలికాలంలో జామ వెయ్యండి. జామ గింజలు మిక్సీలో నలగవు కాబట్టి మధ్య గుజ్జు ముందే తీసి తినెయ్యండి. రైతు బజారులో ఆ వారం ఏది గుట్టగా పోసి ఉందో అదే మీ వంటకం.

మంచిదే కదా అని...

మంచిదనే పేరు పడగానే మనం కొలత మర్చిపోతాం. రెండు అరటిపండ్లు, పెద్ద మామిడిలో సగం, రెండు చెంచాల తేనె వేసి పెద్ద గ్లాసు నింపితే చక్కెర ఒక్కటే 60 గ్రాములు దాటుతుంది. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవల విభాగం పండ్ల రసాలు, కూరగాయల రసాలు, స్మూతీలు అన్నీ కలిపి రోజుకు 150 మిల్లీలీటర్లు దాటొద్దంటుంది. పైన చెప్పిన చిన్న గ్లాసులో మజ్జిగో నీళ్లో పోగా పండు, కూరగాయ ఆ మేరకే వస్తాయి. రెండో గ్లాసు తాగాలనిపిస్తే పండు కోసుకుని నమిలి తినండి. నమిలినదే కడుపు నిండినట్టు అనిపిస్తుంది.

మరో జాగ్రత్త. సొరకాయ గానీ కీర గానీ మిక్సీలో వేసేముందు చిన్న ముక్క నోట్లో వేసుకోండి. చేదుగా ఉంటే ఊసేసి కాయ మొత్తం పారెయ్యండి. ఆ చేదు కుకుర్బిటాసిన్లనే విష పదార్థాలది. చేదు సొరకాయ రసం తాగి రక్తపు వాంతులతో ఆస్పత్రి పాలైనవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ‘చేదు ఒంటికి మంచిది’ అన్న మాట ఇక్కడ చెల్లదు. మధుమేహం ఉన్నవాళ్లు, మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు రోజూ ఆకుకూర స్మూతీ మొదలుపెట్టేముందు డాక్టర్‌ను అడగాలి.

ఒకరోజు తప్పితే?

ఏమీ కాదు. 21 రోజుల్లో అలవాటైపోతుందని చెప్పేవాళ్లను నమ్మి, ఇరవై రెండో రోజు నిరాశపడకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మంది మీద 12 వారాల పాటు జరిపిన అధ్యయనం 2010లో అచ్చయింది. రోజూ పండు తినడం, నీళ్లు తాగడం లాంటి చిన్న పనులే వాళ్లు ఎంచుకున్నారు. ఆ పని ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని లెక్కగట్టి అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు దెబ్బతినలేదు.

కాబట్టి ఊరెళ్లారా, జ్వరం వచ్చిందా, కరెంటు పోయిందా, ఆ రోజు వదిలెయ్యండి. మర్నాడు రెండు గ్లాసులు తాగి బాకీ తీర్చొద్దు. ఒక్క గ్లాసుతో మామూలుగా మొదలుపెట్టండి. ఆదివారం ఎలాగూ సెలవే. ఆ రోజు వారానికి సరిపడా క్యారెట్, బీట్‌రూట్ ఉడికించి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. పండ్లు ఎంచే పని పిల్లలకు అప్పగించండి. తాము ఎంచినదాన్ని వాళ్లు పేచీ పెట్టకుండా తాగుతారు.

అటక మీద బ్లెండర్ ఉంటే దింపండి. లేకపోతే వంటింటి మిక్సీ చాలు, కొత్తది కొనొద్దు. ఈ రాత్రి గిన్నెలు తోమడం అయ్యాక ఐదు నిమిషాలు కేటాయించండి. ఆకు కడిగి, కీర కోసి, డబ్బా మూత పెట్టి ఎదురు అరలో ఉంచండి. ఇక రేపు పొద్దున మీరు తీసుకోవాల్సిన నిర్ణయమంటూ ఏదీ ఉండదు. పాలు పొయ్యి మీద పెట్టడం, మిక్సీ స్విచ్ వెయ్యడం, అంతే.