ప్రత్యామ్నాయ ఇంధనంగా ఇథనాల్ – ఒక మూల్యాంకనం

పాఠ్యభాగ ఉద్దేశం

శాస్త్ర విషయాన్ని పరీక్షలో వివరించడం వేరు. దానిని తూచి నిర్ణయం చెప్పడం వేరు. ఈ భేదాన్ని ఇథనాల్ అనే ఇంధనాన్ని ఉదాహరణగా తీసుకొని తెలియజేయడం, శాస్త్ర విషయాలను తార్కిక క్రమంలో వ్రాసే నేర్పును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

రసాయనశాస్త్ర ప్రశ్నపత్రంలో ఒకే విషయంపై రెండు విధాల ప్రశ్నలు రావచ్చు. ‘ఇథనాల్ ఉపయోగాలను వ్రాయండి’ అన్నది మొదటిది. ‘ప్రత్యామ్నాయ ఇంధనంగా ఇథనాల్‌ను మూల్యాంకనం చేయండి’ అన్నది రెండవది. పెక్కుమంది విద్యార్థులు రెండింటికీ ఒకే సమాధానం వ్రాస్తారు. నాలుగు లాభాలు, మూడు నష్టాలు వరుసగా పేర్కొని విరమిస్తారు. మూల్యాంకనమనగా విలువ కట్టడం. విలువ కట్టడానికి కొలతలు కావాలి. ఆ కొలతలలో ఏది ఎక్కడ బరువైనదో తెలియాలి. చివరకు ఒక తీర్పు చెప్పాలి. తీర్పు లేని సమాధానం ముల్లు లేని త్రాసు వంటిది.

మొదట రసాయన సమీకరణం ఏమి చెబుతున్నదో చూద్దాం. కిణ్వన ప్రక్రియలో ఈస్ట్ కణాలు ఒక గ్లూకోజ్ అణువును రెండు ఇథనాల్ అణువులుగా, రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులుగా విడగొడతాయి. 180 గ్రాముల గ్లూకోజ్ నుండి సిద్ధాంతపరంగా 92 గ్రాముల ఇథనాల్ లభిస్తుంది. ద్రవ్యరాశిలో దాదాపు సగం వాయువుగా పోయినా, శక్తిలో పోయేది స్వల్పమే. ఒక మోల్ గ్లూకోజ్ దహనంలో సుమారు 2,805 కిలోజౌళ్ల శక్తి వెలువడగా, దాని నుండి పుట్టిన రెండు మోల్‌ల ఇథనాల్ దహనంలో సుమారు 2,734 కిలోజౌళ్లు వెలువడతాయి. అనగా 97 శాతం శక్తి ద్రవ ఇంధనంలో నిలిచి ఉంటుంది. ఇది ఇథనాల్‌కు గల మొదటి బలం.

రెండవ బలం కార్బన్ లెక్కలో ఉంది. ఒక గ్లూకోజ్ అణువును తయారు చేయడానికి మొక్క గాలి నుండి ఆరు కార్బన్ డయాక్సైడ్ అణువులను గ్రహిస్తుంది. కిణ్వనంలో రెండు, ఇథనాల్ దహనంలో నాలుగు తిరిగి గాలిలో కలుస్తాయి. తీసుకొన్నది ఆరు, ఇచ్చినది ఆరు. అయితే ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఒక మెగాజౌల్ శక్తి కోసం ఇథనాల్‌ను మండించినా, పెట్రోలుకు ప్రతినిధిగా ఆక్టేన్‌ను మండించినా వెలువడే కార్బన్ డయాక్సైడ్ సుమారు 64 గ్రాములే. పొగగొట్టం వద్ద రెండూ సమానమే. ఇథనాల్ మేలు పొలంలో ఉన్నది. ఆ పొలం ఏ విధంగా సాగయినదన్న దానిపైనే తక్కిన నిర్ణయమంతా ఆధారపడుతుంది.

ఇక ఇంజను సంగతి. ఇథనాల్ ఆక్టేన్ సంఖ్య వందకు పైన ఉండడం వలన ఇంజనులో అపస్ఫోటనం తగ్గుతుంది. అణువులోనే ఆక్సిజన్ ఉండడం వలన దహనం మరింత పూర్తిగా జరిగి, కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది. కాని లీటరు ఆక్టేన్ సుమారు 33.7 మెగాజౌళ్ల శక్తినిస్తే, లీటరు ఇథనాల్ సుమారు 23.4 మెగాజౌళ్లే ఇస్తుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలులో శక్తి దాదాపు ఆరు శాతం తగ్గుతుంది. 2021లో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదిక, ఈ మిశ్రమానికి అనువుగా రూపొందించని కార్లలో మైలేజి ఆరేడు శాతం తగ్గవచ్చునని పేర్కొన్నది. విద్యార్థి స్వయంగా కట్టిన లెక్క ఒక నివేదికలోని అంకెకు దగ్గరగా రావడం శాస్త్రంలో లభించే నిజమైన ఆనందాలలో ఒకటి.

ఇథనాల్‌కు నీటితో గల స్నేహం మరొక చిక్కు. సాధారణ స్వేదనం ద్వారా సుమారు 95.6 శాతం గాఢతను మించి దానిని శుద్ధి చేయలేము. మిగిలిన నీటిని జియోలైట్ అణు జల్లెడలతో తొలగించిన తరువాతనే పెట్రోలులో కలపాలి. మిశ్రమంలో నీరు ఎక్కువగా చేరితే ఇథనాల్ పెట్రోలు నుండి విడిపోయి అడుగున నిలుస్తుంది. స్వేదనానికి వేడి కావాలి. ఆ వేడి చెరకు పిప్పిని మండించగా వచ్చినదైతే ఒక ఫలితం, బొగ్గు నుండి వచ్చినదైతే మరొక ఫలితం. పొలంలో వేసిన యూరియా నుండి నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది. భూమిని వేడెక్కించడంలో ఇది కార్బన్ డయాక్సైడ్ కంటె సుమారు 270 రెట్లు శక్తిమంతమైనది. ఆరుకు ఆరు సరిపోయిన సమీకరణంలో ఈ బొగ్గు, ఈ యూరియా కనిపించవు.

సమీకరణంలో కనిపించని మరొక పదార్థం సాగునీరు. దాని బరువు తెలియాలంటే మన రాష్ట్రంలోనే చెన్నేకొత్తపల్లి వంటి చోట నిలబడి చూడాలి. పూర్వపు అనంతపురం జిల్లాలో ఉండి, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో భాగమైన ఈ మండలం వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉన్నది. అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇక్కడి వేరుశనగ రైతు ఆకాశం వైపు చూచి విత్తనం వేస్తాడు.

చెరకు నుండి ఒక లీటరు ఇథనాల్ రావడానికి సుమారు 2,860 లీటర్ల నీరు అవసరమని పైన పేర్కొన్న నివేదికయే తెలిపినది. ఒక ఎకరంపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే దాదాపు 4,047 లీటర్లు. 550 మిల్లీమీటర్లకు సుమారు 22 లక్షల లీటర్లు. ఒక్క చుక్కయినా ఆవిరి కాకుండా, ఒక్క చుక్కయినా త్రాగకుండా సంవత్సరమంతటి వానను చెరకుకే ఇచ్చినా ఆ ఎకరం నుండి వచ్చేది 780 లీటర్ల లోపు ఇథనాల్. మరొక విధంగా చూస్తే, పది లీటర్ల ఇరవై శాతం మిశ్రమంలో ఉండే రెండు లీటర్ల ఇథనాల్ వెనుక 5,720 లీటర్ల నీరు ఉన్నది. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలతో ఎదురుచూచే ఊరికి ఈ అంకె అర్థాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఆ నీరు చెన్నేకొత్తపల్లిది కాకపోవచ్చు. చెరకు పండిన ఏదో ఒక నేలది మాత్రం అవుతుంది.

ఇదే ప్రాంతంలో త్రాసు రెండవ పళ్లెం కూడ కనిపిస్తుంది. బెంగళూరు – హైదరాబాదు జాతీయ రహదారి ఈ మండలం మీదుగానే పోతుంది. పెనుకొండ సమీపంలోని యర్రమంచి వద్ద 2019 నుండి కార్లు తయారవుతున్నాయి. దేశం తనకు కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకొంటున్నది. 2003 జనవరిలో ఐదు శాతం మిశ్రమాన్ని ప్రవేశపెట్టిన తొమ్మిది రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశం 2022 జూన్‌లో పది శాతాన్ని, 2025లో ఇరవై శాతాన్ని అందుకొన్నది. విదేశాలకు చెల్లించే ధనంలో కొంత రైతుకు చేరడం చిన్న మేలు కాదు.

అయితే ఏ పంట నుండి అన్నది ప్రధాన ప్రశ్న. 1975లో ఇథనాల్ పథకాన్ని ఆరంభించిన బ్రెజిల్‌లో చెరకు చాలావరకు వాననీటితోనే పండుతుంది. పిప్పితోనే కర్మాగారాలు నడుస్తాయి. మన దేశంలో చెరకు అధికభాగం కాలువలు, బోరుబావులపై ఆధారపడినది. వర్షాభావం వలన 2023 డిసెంబరులో చెరకు రసం నుండి ఇథనాల్ తయారీపై కేంద్రప్రభుత్వమే ఆంక్షలు విధించి, 2024లో సడలించవలసి వచ్చింది. మొక్కజొన్న వైపు మొగ్గు పెరిగిన తరువాత, 2024లో దేశం ఆ ధాన్యాన్ని దిగుమతి చేసుకొన్నది. కోళ్ల దాణాకు, ఇంధనానికి మధ్య పోటీ ఏర్పడినది. తెలంగాణలోని నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024లో ప్రజలు నీరు, గాలి కలుషితమవుతాయని ఇథనాల్ కర్మాగారాన్ని వ్యతిరేకించారు.

మెట్ట నేలలకు దగ్గరైన మార్గాలు కూడ లేకపోలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ తక్కువ నీటితో పండే తీపి జొన్నపై పరిశోధనలు చేసింది. ఆ కృషి ఫలితంగా 2007లో అప్పటి మెదక్ జిల్లాలో తీపి జొన్న నుండి ఇథనాల్ తీసే కర్మాగారం ఒకటి పని ప్రారంభించింది. గింజ మనిషికి, రసం ఇంధనానికి, పిప్పి పశువుకు అన్నది ఆ ఆలోచన. కాని కోసిన కాండాన్ని వెంటనే గానుగాడకపోతే రసంలోని చక్కెర తగ్గిపోతుంది. ఈ చిక్కు వలన సేకరణ కష్టసాధ్యమైనది. 2022లో హర్యానాలోని పానిపట్టులో వరిగడ్డి నుండి ఇథనాల్ తీసే కర్మాగారం జాతికి అంకితమైనది. ఇందులో తిండిగింజతో పోటీ లేదు. కాని గడ్డిలోని సెల్యులోజ్‌ను చక్కెరగా మార్చడం ఖర్చుతో కూడిన పని.

ఇన్ని విషయాలు తెలిసిన విద్యార్థి సమాధానాన్ని ఎట్లా ముగించాలి? ‘ఇథనాల్ మంచి ఇంధనం’ అన్నా, ‘చెడ్డ ఇంధనం’ అన్నా అది మూల్యాంకనం కాదు. ముగింపు ఈ విధంగా ఉండవచ్చు: “పెట్రోలుకు ఇథనాల్ పాక్షిక ప్రత్యామ్నాయం. ఆక్టేన్ సంఖ్య, కార్బన్ పునర్వినియోగం దాని బలాలు. లీటరుకు శక్తి తక్కువ కావడం, నీటి వినియోగం దాని పరిమితులు. వ్యవసాయ వ్యర్థాల నుండి, మిగులు పంటల నుండి, పిప్పి వంటి జీవ ఇంధనపు వేడితో తయారైనప్పుడు అది మేలైనది. నీరు కొరవడిన నేలలో బోరునీటితో పండించిన చెరకు నుండి తయారైనప్పుడు, చమురు కొరతను నీటి కొరతగా మార్చినట్లు అవుతుంది.” ఇందులో కొలత ఉన్నది, షరతు ఉన్నది, తీర్పు ఉన్నది.

పరీక్షలో ఇటువంటి సమాధానానికి మంచి మార్కులు వస్తాయి. అంతకంటె ముఖ్యమైన ప్రయోజనం మరొకటి ఉన్నది. రేపు ఊరి పొలిమేరలో ఒక కర్మాగారం వెలసినా, పొలంలో క్రొత్త పంట వేయమని ఎవరైనా సలహా ఇచ్చినా, ‘ఎంత నీరు? ఎక్కడి వేడి? ఎవరి తిండి?’ అని అడుగగల పౌరుడు ఈ విద్యార్థియే. తూచి చెప్పడం నేర్చినవాడు తూచి అడగడం కూడ నేర్చుకొంటాడు.

కఠిన పదాలు – అర్థాలు

మూల్యాంకనం : విలువ కట్టడం
కిణ్వనం : పులియడం
స్వేదనం : ద్రవాన్ని మరిగించి, ఆవిరిని చల్లార్చి వేరుచేయడం
అపస్ఫోటనం : ఇంజనులో ఇంధనం అదుపు తప్పి పేలడం
వర్షచ్ఛాయా ప్రాంతం : కొండల అడ్డు వలన వాన తక్కువగా కురిసే ప్రాంతం
పొలిమేర : ఊరి సరిహద్దు

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. ఇథనాల్ బలాలను, పరిమితులను పాఠ్యభాగం ఆధారంగా తూచి మీ తీర్పును వ్రాయండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ‘ఇథనాల్ మేలు పొలంలో ఉన్నది’ అన్న మాటను వివరించండి.
2. తీపి జొన్న మెట్ట నేలలకు ఏ విధంగా అనుకూలం? దానిలోని చిక్కు ఏమిటి?

ఇ) ప్రాజెక్టు పని
1. మీ ఊరి సగటు వర్షపాతాన్ని తెలుసుకొని, ఒక ఎకరంపై కురిసే నీటిని లీటర్లలో లెక్కకట్టండి. ఆ నీటితో మీ ప్రాంతంలో ఏ పంట తగినదో కారణాలతో వ్రాయండి.