దీపావళికి ముందే టీకా, చేతిలో ఐదు సెలవులు

యానాం నుంచి పుదుచ్చేరికి ఉద్యోగానికి వచ్చేవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఇక్కడి వానల సంగతి. మన గోదావరి వైపు జూన్‌లోనే వానలు పట్టుకుంటాయి. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఫ్లూ కూడా దాదాపు ఆ లెక్కనే నడుస్తుంది. శ్రీనగర్‌లో చలికాలంలో, ఢిల్లీ, పుణేల్లో నైరుతి వానల్లో పెరిగే ఈ జబ్బు తమిళ తీరంలో ఈశాన్య వానలతో ఎక్కువవుతుంది. జనవరి నుంచి మార్చి దాకా ఇంకో విడత ఉంటుంది.

ఒక్కోసారి ముందే వస్తుంది. 2022 సెప్టెంబరులో పిల్లలకు జ్వరాలు ఎక్కువై, ఇక్కడి ప్రభుత్వం 8వ తరగతి వరకు బళ్లకు 17 నుంచి 25 దాకా సెలవిచ్చింది. 2023 మార్చిలో, ఆ రెండో విడతలో హెచ్3ఎన్2 రకం ఫ్లూ వ్యాపించినప్పుడు 16 నుంచి 26 దాకా మళ్లీ మూశారు. బడి మూస్తే, తమకు జ్వరం లేకున్నా సెలవు పెట్టవలసి వచ్చేది ఎక్కువగా తల్లులకే.

అందుకని దసరా, దీపావళి ప్రయాణాలకే సెలవులన్నీ వాడేయకండి. కనీసం ఐదు మిగుల్చుకోండి. ఫ్లూ సోకినవారి నుంచి లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు మొదలై, ఆ తర్వాత ఐదు నుంచి ఏడు రోజుల దాకా వైరస్ అంటుకుంటుంది. మాత్ర వేసుకోకుండానే 24 గంటలు జ్వరం రాకపోతే అప్పుడు పనికి వెళ్లండి. మాత్రతో జ్వరం అణచుకుని షిఫ్టుకు వెళ్లడం పనిమీద శ్రద్ధ అనిపించుకోదు. పక్కన పనిచేసే మనిషి ఇంట్లో నిండు చూలాలు ఉండవచ్చు, ఉబ్బసంతో బాధపడే ముసలి తండ్రి ఉండవచ్చు. సూపర్‌వైజర్లూ, జ్వరంతో వచ్చినవాణ్ణి మెచ్చుకోకండి, ఇంటికి పంపండి.

మేట్టుపాళయం, సేదరాపట్టు ఫ్యాక్టరీల్లో నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో పనిచేసేవాళ్లకు సాధారణంగా ఈఎస్ఐ బీమా ఉంటుంది. జబ్బు సెలవుకు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. కానీ మొదటి రెండు రోజులకు మామూలుగా డబ్బు రాదు. ఫ్లూ సెలవే నాలుగైదు రోజులు కాబట్టి ఆ రెండు రోజులూ చిన్న నష్టం కాదు. వాటికి సొంత సెలవు పెట్టుకోండి. జ్వరం వచ్చిన రోజే ఈఎస్ఐ డాక్టరుకు చూపించుకుని సర్టిఫికెట్ తీసుకోండి. కొత్తగా చేరినవారికి వైద్యం వెంటనే అందుతుంది, జబ్బు సెలవు డబ్బుకు మాత్రం తొమ్మిది నెలలు ఆగాలి.

టీకా పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. సెప్టెంబరులోనే వేయించుకుంటే ఈశాన్య వానల నాటికి రక్షణ ఉంటుంది. వైరస్ మారుతూ ఉంటుంది కనుక ఏటా వేయించుకోవాలి. షుగరు, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లూ గర్భిణులూ డాక్టరును అడిగి తప్పకుండా వేయించుకోండి. వీళ్లకు జ్వరం వస్తే ఆలస్యం చేయకూడదు. ఫ్లూకి ఇచ్చే ఒసెల్టామివిర్ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. యాంటీబయాటిక్ ఫ్లూ వైరస్‌ను ఏమీ చేయలేదు.

ఇంకొకటి. ఆ వానల్లోనే డెంగీ కూడా ఉంటుంది. ఏ జ్వరమో తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ సొంతంగా వేసుకోకండి. ఆయాసం వచ్చినా, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టినా ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.