చిరిగిన చీరకు ఇంకా పనుంది

చెల్లాయ్, బీరువా అడుగు అరలో మూటగట్టిన పాత నేతచీరలున్నాయే, వాటిని స్టీలు సామాన్ల వాడికి వేసెయ్యకు. మూటంతా తీసుకుని ఓ చిన్న గిన్నె చేతిలో పెట్టి పోతాడు. ఆ చీరలతో నీ ఇంటికి ఎంత అందం వస్తుందో చెప్తా, కాసేపు కూర్చో.

ఈ మధ్య నువ్వు ఫోన్లో చూస్తున్న వీడియోలు నేనూ చూశాను. ఖాళీ సీసాకి రంగు, రంగు మీద గమ్ము, గమ్ము మీద తళుకులు, ఆపైన ప్లాస్టిక్ పూలు. అన్నీ కొట్లో కొన్నవే. పాతదాన్ని కనపడకుండా చెయ్యడానికి ఇన్ని కొత్తవి కొంటే ఇంక మిగిలిందేముంది? వస్తువు గుర్తు చెరగకుండా దానికి కొత్త పని చూపిస్తేనే అందం నిలుస్తుందమ్మా.

మన తెనాలినే చూడు. సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు గారు, వాళ్లబ్బాయి రవిచంద్ర గారు ఇనుప తుక్కుతో విగ్రహాలు చేస్తారు. గాంధీగారి విగ్రహం ఒకటి 10 అడుగుల ఎత్తున చేశారు. దానికి పట్టిన నట్లు 75 వేలు. దూరం నుంచి బాపూజీ, దగ్గరికెళితే ఏ నట్టుకా నట్టే. బళ్లు విప్పగా వచ్చిన చైన్లు, గేర్లు, బోల్టులు తూకానికి పోవాల్సినవి. ఏ ముక్క వంపు ఎక్కడ ఒదుగుతుందో కనిపెట్టే కన్ను వాళ్లది. ఎంత ఓపిక కావాలో ఆలోచించు!

మనిళ్లలో వెల్డింగు మిషన్లు లేవు. మనకున్నది సూది. అందుకే నా ఓటు బొంతకి.

పత్తి పండే నేల మీద పుట్టి బొంత కుట్టడం మరిచిపోతే ఎట్టా? చీరలు, పంచెలు ముందు వేణ్ణీళ్లలో నానేసి, గంజి వాసన పోయేదాకా ఉతికి, ఎండలో ఆరెయ్యి. నూలువీ సిల్కువీ కలపకు, ఒకటి కుంచించుకుపోయి ఇంకొకటి ఉబ్బి ముడతలు పడతాయి. గట్టిగా ఉన్న చీర అడుగున, అంచు బాగున్నది పైన, బాగా నలిగినవీ చిరిగినవీ మధ్యలో పొరలుగా. గచ్చు మీద పరిచి నాలుగు మూలలా పొత్రమో బియ్యం డబ్బానో బరువు పెట్టు. అరచేత్తో నిమిరి ముడత లేదనుకున్నాకే టాకాలు వెయ్యి. తర్వాత అసలు కుట్టు నడిమధ్య నుంచి అంచులకు రావాలి, అప్పుడే ముడత బయటికి జరిగిపోతుంది. కుట్టు అటూ ఇటూ పోతే బాధపడొద్దు. ఆ వంకరలోనే నీ చెయ్యి తెలుస్తుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు ఒంటికి తగిలే హాయి కొత్త దుప్పటికి ఏళ్ల దాకా రాదు. దివాను మీద పరుచు, గోడకి వేలాడదియ్యి, ఎక్కడైనా నప్పుతుంది.

బొంతంటే చిన్నచూపొద్దు. అమెరికాలోని అలబామాలో జీస్ బెండ్ అనే ఊరుంది. అదీ పత్తి నేలే. బానిసలుగా పత్తి చేలల్లో చాకిరీ చేసినవాళ్ల సంతతి ఆ ఊరివాళ్లు. అక్కడి ఆడవాళ్లు చలికి ఆగలేక చేలో తొడిగి అరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలు కోసి బొంతలు కుట్టుకున్నారు. వాళ్లలో మిస్సూరీ పెట్వే అనే ఆవిడ 1942లో, పోయిన భర్త పనిబట్టలతోనే ఒక బొంత కుట్టింది. మోకాళ్ల దగ్గర వెలిసిన రంగు, చెమట మరకలు ఏవీ దాచలేదు. ఆ ఊరి బొంతలు 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలెక్కాయి, 2006లో తపాలా బిళ్లల మీదికొచ్చాయి. కూలి చేసి అలిసిన చేతులు కుట్టినవి! అది చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి.

ఇక నువ్వడిగిన మిర్చి టిక్కీల, అంటే ఎండుమిరప బస్తాల, గోతాల సంగతి. గోనెపట్టా గోడకు భలే ఉంటుంది, కాదనను. కానీ మిరప ఘాటు ఒట్టి నీళ్లకి వదిలే రకం కాదు, నూనెలో కరిగేది. దులిపేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకో, చేతులకి తొడుగులేసుకో, పిల్లల్ని దూరంగా పంపు. సబ్బునీళ్లలో రెండు మూడు మార్లు నానెయ్యి. అప్పటికీ దిండు గలీబులకీ ఉయ్యాలకీ వద్దు. దబ్బనం, పురికొస తీసుకుని వసారాలో కుండీలకి తొడుగులు కుట్టుకో. పడకింట్లోకైతే బియ్యం గోతాలే మేలు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. పురుగుమందు డబ్బా ఎంత ముచ్చటైన రంగులో ఉన్నా ఇంట్లోకి తేవద్దు. ఎంత తోమినా సరే. మొక్కకీ వద్దు, పప్పులకీ వద్దు. పత్తికీ మిరపకీ కొట్టే మందులు ఎంత చెడ్డవో చేలో తిరిగే మనకి ఒకరు చెప్పాలా? పిల్లలు బొమ్మలనుకుని ఆడుకోకముందే చిల్లులు పొడిచెయ్యి.

బొంతకి మంచి అదను ఇదే. పత్తి తీతలు, మిరప కోతలు అయిపోయాయి, వానలు ఇంకా పడలేదు, ఎండ దండిగా ఉంది. మీ అత్తయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకో. టాకాలు ఎంతెంత దూరంలో వెయ్యాలో ఆమె వేళ్లకి తెలుసు. చిన్నదాన్నీ పిలువు, సూదిలో దారం ఎక్కించి ఇస్తుంది. కత్తెర పెట్టేముందు మాత్రం ప్రతి చీరా అత్తయ్యగారికి చూపించి అడుగు, ఏది దాచుకోవాలనుకుంటున్నారో.