బండి నడుపువాని కన్నులు

మూలవాక్యము: సామెతలు 4:25
చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 22:21–34, లూకా 9:62, నిర్గమకాండము 21:28, 29



మిరపకాయల బస్తాలను ఎద్దుబండ్ల మీద జగ్గయ్యపేటకు తోలిన దినములను ఎరిగిన పెద్దలు మన సంఘములలో నేటికిని ఉన్నారు. సరుకు దింపి తిరిగి వచ్చునప్పటికి బాగుగా పొద్దుపోయెడిది. బండివాడు గోనెపట్టా పరచుకొని నిద్రపోయినను, ఎద్దులు గుంటను తప్పించుకొని, ఎదురుబండికి ప్రక్కకు తొలగి, తెల్లవారకముందే ఇంటి ముందర నిలిచెడివి. అతడు రెప్ప మూసినను వాటి నాలుగు కన్నులు తెరచియుండెడివి.

నేడు మన ఇండ్ల ముందర మోటారు సైకిలు, ఆటో, ట్రాక్టరు, కొందరికి కారు ఉన్నవి. వీటికి బలమున్నది గాని కన్నులు లేవు. నడుపువాడు తన చూపును ఫోనువైపు త్రిప్పిన క్షణమున ఆ బండికి కాపరి లేడు. ఈ నెల పాఠములో దీనిని గూర్చి ఆలోచింతము.

1. గాడిద చూచినది, బిలాము చూడలేదు

బిలాము ప్రయాణమై పోవుచుండగా దూత కత్తి దూసి త్రోవలో నిలిచెను. గాడిద చూచి పొలములోనికి తొలగెను; పిమ్మట గోడను ఒరసికొనెను; చివరకు కూలబడెను. బిలామో, తన పనిమీదనే మనస్సుంచినవాడై, దానిని మూడుమారులు కొట్టెను. ఎదుట మరణముండగా చూడక, తన్ను బ్రదికించిన దానిమీదనే కోపపడెను. మన మోటారు సైకిలుకు ఆ గాడిదకున్న చూపు లేదు. మనము చూడనియెడల అది త్రోవనుండి తొలగదు, గోడ ప్రక్కన ఆగదు.

2. ఒక్క చూపునకు ఎంత దూరము?

2022 నుండి మన ప్రాంతము ఎన్టీఆర్ జిల్లాలో చేరినను, పూనా–మచిలీపట్నముల నడుమనున్న 65వ నంబరు జాతీయ రహదారి మన ఊళ్ల ప్రక్కగానే గరికపాడు, చిల్లకల్లు, నందిగామ, కంచికచర్లల మీదుగా పోవుచున్నది. దాని మీద గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటును. వచ్చిన వార్త ఎవరిదో చూచుటకు మూడు సెకన్లు పట్టినచో 66 మీటర్లు, అనగా రెండువందల అడుగులకు పైగా, ఆ కారు కన్నులు లేకయే పోయినది. ఆ రెండువందల అడుగులలో గేదెలు దాటవచ్చును; కూలీల ఆటో ఆగియుండవచ్చును; బడిపిల్లలు నడచుచుండవచ్చును.

నాగలి మీద చేయివేసి వెనుకకు చూచువానిని గూర్చి ప్రభువు చెప్పిన మాట తన రాజ్యమును గూర్చినదే. అయినను దున్నువాడెవడైనను దాని భావమెరుగును. చాలు వంకరపోయినయెడల మరల దున్నవచ్చును. రహదారి మీద వంకరపోయినదానిని సరిచేయుటకు మరల అవకాశము దొరకదు.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట యొద్ద కాపలాలేని రైల్వే గేటు దాటుచున్న బడి బస్సును రైలు ఢీకొనెను. పదిహేనుమందికి పైగా పిల్లలు చనిపోయిరి. డ్రైవరు ఫోనులో మాట్లాడుచుండెనని బ్రదికిన పిల్లలు చెప్పినట్లు అప్పటి పత్రికలు వ్రాసినవి. గేటు వద్ద కాపలా లేకపోవుట మరియొక లోపము. బ్రాడ్‌గేజి మార్గములపై అట్టి గేట్లు 2019 జనవరి నాటికి తీసివేయబడినవి. అయితే డ్రైవరు కన్నులకు కాపలా పెట్టుట ఏ ప్రభుత్వమునకు సాధ్యము?

3. చేయి ఖాళీయే, మనస్సు ఖాళీ కాదు

“మేము ఫోను చేత పట్టుకొనము, చెవిలో పెట్టుకొని మాట్లాడుదుము” అని కొందరందురు. ఫోను వాడుచు బండి నడుపువారికి ప్రమాదము సుమారు నాలుగు రెట్లు ఎక్కువయనియు, చేత పట్టకుండ మాట్లాడుట కూడ అంతగా క్షేమకరము కాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇంటి తగవో, అప్పు సంగతియో చెవిలో పడినప్పుడు కన్ను తెరచియున్నను చూడదు.

క్రొత్త కార్లలో ఫోనుతో కలిసి పనిచేయు పెద్ద తెరలున్నవి. అవి పాట పాడును, వార్త చదువును, దారి చూపును. దారి చూపుట మేలే. కాని ఊరిపేరు బయలుదేరకముందే వ్రాసికొనవలెను, నడుచుచుండగా కాదు. మన దేశపు నిబంధనలు కూడ 2020 అక్టోబరు నుండి చేతి ఫోనును దారి చూచుటకు మాత్రమే, అదియు నడుపువాని ధ్యానము చెదరకుండ, వాడనిచ్చుచున్నవి.

4. తెలిసియు కట్టని ఎద్దు

ఎద్దు ఒకనిని పొడిచి చంపినయెడల యజమాని నిర్దోషి. అయితే అది పొడుచునదని ముందే తెలిసి, హెచ్చరింపబడియు, దానిని కట్టివేయనివాడు దోషియని మోషే ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఫోను పొడుచునను సంగతి ఇప్పుడు మనలో తెలియనివారెవరు? 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము చేతిలో ఫోను పట్టి నడుపుట అపాయకరమైన నడుపుటయే. మొదటి తప్పునకు వెయ్యి మొదలు ఐదువేల రూపాయల జరిమానా గాని, ఆరునెలలు మొదలు సంవత్సరము వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. జరిమానా కట్టి తప్పించుకొనవచ్చును. పొరుగువాని ప్రాణమునకు వెల కట్టలేము.

5. పిలుచువారి బాధ్యత

ఈ విషయములో మేమును నిర్దోషులము కాము. ఒక శనివారము సాయంకాలము కూడికకు నందిగామ నుండి మైకుసెట్టు తెచ్చుచున్న యౌవనస్థునికి, ఆలస్యమాయెనని మేము మూడుసార్లు ఫోను చేసితిమి. మూడవసారి అతడు జేబులో చేయి పెట్టెను. బండి రోడ్డు అంచున జారెను. మిరపకోత నుండి నడచి వచ్చుచున్న స్త్రీలకు బారెడు దూరములో పడెనట. మోకాలు చిట్లి కుంటుచు వచ్చి, “పెద్దలు పిలుచుచుండగా తీయకుండుట ఎట్లండి?” అనెను. ఆ మాట మమ్మును గ్రుచ్చినది. మా తొందరయే అతని కన్నులను త్రోవనుండి లాగినది.

కనుక పెద్దలమైన మనము ముందుగా చెప్పుదము: బండి మీదనున్నవాడు మన పిలుపు తీయకపోయినచో అది అమర్యాద కాదు. ఫోను చేసినవారు మొదట “బండి మీదనున్నావా?” అని అడిగి, అవునన్నయెడల వెంటనే పెట్టివేయుదము. నడుపువాడు ఫోనును సంచిలో వేయవలెను, లేక వెనుక కూర్చున్నవారికి ఇయ్యవలెను. తప్పనిసరియైనచో రోడ్డు దిగి, బండి ఆపి మాట్లాడవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు
1. ఈ వారము బండి నడుపుచు ఎన్నిసార్లు ఫోను చూచితిమి? ఆ సంగతి ఇల్లు చేరువరకు ఆగలేనిదా?
2. ప్రయాణములో ఉన్నాడని తెలిసియు మనము ఎవరిని పిలిచితిమి?
3. మన ఇంటి యౌవనస్థులకు ఈ నియమమును మాటతోనా, మాదిరితోనా నేర్పుచున్నాము?

మన త్రోవలో నడచు ప్రతివాడును ఎవరో ఒకరి ఇంట దీపము పెట్టి ఎదురుచూడబడుచున్నవాడే. అతడు ఇల్లు చేరునట్లు మన కన్నులను త్రోవమీద నుంచుదము.