ఆయుధములు చెప్పు కథలు – వానిలోని వైరుధ్యములు

మన పాఠశాలలోని పై తరగతుల విద్యార్థులు కొందఱు జపాను దేశమునుండి వచ్చిన యొక ఆటను గూర్చి తఱచుగా మాటలాడుకొనుచుండుట మేము వినుచున్నాము. దాని పేరు తోకెన్ రన్బు. 2015వ సంవత్సరము జనవరిలో అది మొదట వెలువడెను. వారిలో నొకడు మమ్ము సమీపించి, “అయ్యా, ఈ ఆటలో ఒకే పేరును రెండు కత్తులు నాదనగా నాదని వాదించుచున్నవి. చరిత్రను కాపాడవలసినవే చరిత్రను రెండు విధములుగ చెప్పిన, మేము దేనిని నమ్మవలెను?” అని యడిగెను. ఈ ప్రశ్న ఆటతో ముగియునది కాదు. పెద్దల కథలను వినువారికిని, గ్రంథములను చదువువారికిని ఇది యెప్పుడో యొకప్పుడు ఎదురగును. కావున దానికి ప్రత్యుత్తరము ఈ పత్రికయందే వ్రాయ నెంచితిమి.

ఆ యాటయందు జపాను దేశపు ప్రాచీన ఖడ్గములు యౌవనులైన యోధుల రూపమున కనబడును. కథ 2205వ సంవత్సరమున జరుగునట్లు కల్పింపబడినది. గతకాలమునకు పోయి చరిత్రను మార్పజూచు శత్రువులను ఈ ఖడ్గయోధులు ఎదిరింతురు. ఖడ్గములు తమ్ము చేసిన కమ్మరిని, తమ్ము ధరించిన ప్రభువును తలచుకొని, “నేను చూచితిని, నేనుంటిని” అను రీతిగ మాటలాడును. మన విద్యార్థి చెప్పిన తగవు యమంబగిరి అను పేరునకు సంబంధించినది. కొండలలో తిరుగు రక్కసిని నఱికినదని దాని యర్థము.

ఆ తగవునకు మూలమిది. 1590లో కునిహిరో అను కమ్మరి నగావో అకినాగ అను ప్రభువుకొఱకు ఒక ఖడ్గమును చేసెను. సుమారు రెండువందల యేండ్లకు మునుపు చోగి అను పనివాడు చేసిన ఖడ్గమును చూచి దానికి ప్రతిగా చేసిన ఖడ్గమది. ఆ సంవత్సరమే కునిహిరో మూలఖడ్గము యొక్క పిడిలో దాగియుండు భాగముమీద కొన్ని యక్షరములను చెక్కెను. ఆ ఖడ్గము 1586లో ఒదవరా నగరమున అకినాగకు తన ప్రభువువలన లభించినదని ఆ యక్షరములు తెలుపుచున్నవి. రక్కసి మాట అందులో లేదు. రక్కసిని నఱికినది మూలమే యని కొందఱును, ప్రతియే యని కొందఱును చెప్పుదురు. మూలఖడ్గము నేడు నగోయాలోని తొకుగావా కళావస్తు ప్రదర్శనశాలయందున్నది. అక్కడి పాత పట్టికలలో దానికి యమంబగిరి అను పేరు కానరాదు. అయినను ఆటలో ప్రతిఖడ్గము 2015లోనే ఆ పేరుతో వచ్చెను. 2018లో మూలఖడ్గము వచ్చి ఆ పేరు తనదని పలికెను. ఇనుముమీది యక్షరము ఒకటి చెప్పుచుండగా ఆ యినుమునకు కల్పించిన నోరు మఱియొకటి చెప్పుచున్నది.

ఇందులకు భిన్నమైన దృష్టాంతము నొకటి చెప్పెదము. 1867లో హత్యగావింపబడిన సకమోతో రియోమా యొక్క కత్తి, యొషియుకి అను పనివాడు చేసినది, 1913లో కుషిరో పట్టణమునందలి యగ్నిప్రమాదమున కాలెను. దాని వంపు పోయి అది తిన్ననయ్యెను. అందుచేత ఇది నిజముగ రియోమా కత్తియేనా యని అనేకులు చిరకాలము సందేహించిరి. పాత పత్రములను, కత్తిని కలిపి పరీక్షించిన పిమ్మట 2016లో అది ఆయనదే యని క్యోతోలోని జాతీయ వస్తుప్రదర్శనశాలవారు ప్రకటించిరి. కావున వైరుధ్యము కనబడినంతమాత్రమున అబద్ధమని తీర్పు చెప్పరాదు. వైరుధ్యము, ఇచ్చట వెదకుమని మనకు చూపు వ్రేలు.

ఇది దూరదేశపు సంగతి యని మీరనుకొనవలదు. ఆయుధమును మనుష్యునివలె భావించు ఆచారము మన తెలుగుదేశమునందును కలదు. పల్నాటిలో నాగులేటి యొడ్డుననున్న కారెంపూడిలో వీరుల గుడి యొకటి యున్నది. ఏటేట కార్తిక అమావాస్యతో మొదలై అయిదుదినములు అక్కడ ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేళ్లు. అప్పుడు కొణతములనబడు ఆయుధములే వీరుల రూపములుగ ఆరాధింపబడును. బ్రహ్మనాయుని యాయుధమునకు నృసింహకుంతమను పేరే కలదు. ఆయుధము వచ్చిన, వీరుడు వచ్చినట్లే జనులు భావింతురు.

ఇక కాలమును లెక్కింపుడు. పల్నాటి యుద్ధము 12వ శతాబ్దము చివర జరిగెనని చెప్పుదురు. ఆ చరిత్రను ద్విపదగ రచించెనని పేరుపొందిన శ్రీనాథుడు 15వ శతాబ్దమువాడు. నడుమ రెండువందల యేండ్లకు మించినది. ఆ ద్విపద యంతయు శ్రీనాథునిదేనా యను విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. అక్కిరాజు ఉమాకాంతముగారు దానిని 1911లో అచ్చువేయించిరి. గ్రంథ మొకవైపుండగా, వీరుల కథను పాడువారు తమ పెద్దలవలన నేర్చినదానిని నేటివఱకు పాడుచునే యున్నారు. ఆ పాటకును ఈ పుస్తకమునకును అన్ని చోట్ల పొత్తు కుదురదు. బ్రహ్మనాయుడు యుద్ధానంతరము గుత్తికొండ బిలములో ప్రవేశించెనని కథ చెప్పును. అట్టివాడు మరణించిన వీరులతోకూడ కారెంపూడిలో పూజలందుకొనుచున్నాడు.

అట్లయిన ఆ కథను పాఱవేయవలెనా? వలదు. ఈ యినుము ఏనాటిదని యడుగుట వేఱు. ఈ గౌరవము ఏనాటిదని యడుగుట వేఱు. బ్రహ్మనాయుడు కులభేదము లేక అందఱిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించెననియు, మాలకులమున పుట్టిన కన్నమదాసును సేనానాయకుని చేసెననియు ఆ కథ చెప్పుచున్నది. ఏ దినమున ఏ పోరు జరిగెనో మనకు నిశ్చయముగ తెలియకపోవచ్చును. కాని యిట్టి మాటను ఒక ప్రజ శతాబ్దములపాటు మఱవక పాడుకొనుట చరిత్రయే. తేదీ తప్పిన కారణముచేత దీనిని పోగొట్టుకొనువాడు గవ్వకొఱకు వరహాను విడిచినవాడగును.

ఇతరుల కథలలో పొంతన లేదని చెప్పుట సులభము. క్రైస్తవ పాఠశాలవారమైన మేము మన గ్రంథమునందును అదే కన్నుతో చూడవలదా? గొల్యాతు ఖడ్గమును తలచుకొనుడు. సమూయేలు మొదటి గ్రంథము 17వ అధ్యాయములో దావీదు ఆ ఖడ్గముతోనే వాని తల నఱికెను. అతడు వాని యాయుధములను తన గుడారములో నుంచెనని అచ్చటనే యున్నది. 21వ అధ్యాయములో ఆ ఖడ్గము నోబులో యాజకుని యొద్ద బట్టలో చుట్టబడి యున్నది. అక్కడికి ఎవరు తెచ్చిరో వ్రాయబడలేదు. ఇది మౌనమే కాని వైరుధ్యము కాదు. అయితే రెండవ గ్రంథము 21వ అధ్యాయపు హెబ్రీ మూలములో గొల్యాతును చంపినవాడు ఎల్హానాను అని కలదు. మగ్గపు దోనెవంటి యీటె కఱ్ఱయని రెండుచోట్లను ఒకటే వర్ణన. దినవృత్తాంతముల మొదటి గ్రంథము 20వ అధ్యాయమున ఎల్హానాను చంపినది గొల్యాతు సహోదరుడైన లహ్మీని అని యున్నది. కొన్ని భాషాంతరములు సమూయేలు గ్రంథమునందును సహోదరుడను మాటను చేర్చి రెంటికిని పొత్తు కుదిర్చినవి. ఈ సంగతి దాచుటవలన విశ్వాసము బలపడదు. దాచినదానిని విద్యార్థి ఒకనాడు తానే కనుగొనును. అప్పుడు అతడు గ్రంథమునుగాక మమ్మును నమ్మడు.

కాబట్టి, విద్యార్థులారా, వస్తువునకు నోరు వచ్చి మాటలాడినప్పుడు అది కన్నులార చూచిన సాక్షివలె మనకు తోచును. కాని ఆ నోట మాట పెట్టినవాడు చాలకాలము తరువాతివాడు. ఇది మఱవక మూడు ప్రశ్నలు వేయుడు. ఆ వస్తువు ఏనాటిది? దాని కథను మొట్టమొదట ఎవరు, ఎంతకాలమునకు పిమ్మట చెప్పిరి? ఏ యవసరముచేత చెప్పిరి? ఈ ప్రశ్నలు కథను చంపవు. ఏ గది ముందు కట్టినదో ఏ గది వెనుక చేర్చినదో గోడను చూచి మేస్త్రి చెప్పినట్లు, కథలో ఏది పాతదో ఏది క్రొత్తదో ఇవి చూపును.

సెలవులకు ఇంటికి పోవునప్పుడు ఒక పని చేయుడు. మన జహీరాబాదు ప్రాంతమున చెఱకు నఱుకు కత్తియో, జొన్న కోయు కొడవలియో, తాతలనాటి కత్తిపీటయో లేని యిల్లు అరుదు. దాని కథను మీ అవ్వ నడుగుడు. పిమ్మట, ఆమె లేని సమయమున, మీ తండ్రినో పెదనాయననో అడుగుడు. ఇద్దఱు చెప్పినదానిని ఒకే కాగితముపై రెండు వరుసలుగ వ్రాయుడు. పొంతన లేనిచోట దిద్దకుడు, ఎవరిని తప్పుపట్టకుడు. ఆ కాగితమును తెచ్చి మాకు చూపుడు. తరగతిలో అందఱము కలిసి చదివెదము.