మంచు తుపానులో కరెంటు, ఇంటర్నెట్: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయి వాళ్లు డాలస్‌లో ఉంటారు. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు కరెంటు పోతే పిల్లలతో సహా కోట్లు తొడుక్కుని ఒకే గదిలో గడిపారు. గ్యాస్‌కు కొదవలేని టెక్సస్‌లో అలా ఎందుకైంది?
*- ఒక తల్లి, గుంటూరు*

జవాబు: గ్యాస్ భూమిలో ఉందమ్మా, విద్యుత్ కేంద్రం దాకా రాలేదు. బావుల దగ్గర తేమ గడ్డకట్టింది. కేంద్రాల్లో పరికరాలు బిగుసుకుపోయాయి. కొన్ని గాలిమరలకు మంచు పట్టింది. నీటి పీడనం కొలిచే గొట్టం గడ్డకట్టి ఒక అణు విద్యుత్ యూనిట్ కూడా ఆగింది. సరిగ్గా అప్పుడే ఇంటింటా హీటర్లు వేశారు.

ఫిబ్రవరి 15 తెల్లవారకముందే, 60 హెర్ట్జ్ ఉండాల్సిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 59.4 కన్నా కిందికి జారి నాలుగు నిమిషాలకు పైగా అక్కడే ఉంది. తొమ్మిది నిమిషాలు ఉంటే మరిన్ని కేంద్రాలు వాటంతటవే ఆగి గ్రిడ్ మొత్తం కూలేది. దాన్ని కాపాడడానికి సుమారు 20,000 మెగావాట్ల దాకా కోత పెట్టారు. ఆ కోతలో గ్యాస్‌ను తోసే కంప్రెసర్ల లైన్లూ పోయాయి. గ్యాస్ లేక కరెంటు లేదు, కరెంటు లేక గ్యాస్ లేదు.

ప్రశ్న: పక్క రాష్ట్రాల నుంచి కరెంటు తెచ్చుకోవచ్చు కదా?
*- ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్*

జవాబు: టెక్సస్‌లో ఎక్కువ భాగానికి విడి గ్రిడ్. బయటి గ్రిడ్లతో ఉన్న లంకెల సామర్థ్యం సుమారు 1,200 మెగావాట్లే. మన దక్షిణాది గ్రిడ్ 2013 డిసెంబరు 31న రాయచూరు-సోలాపూర్ 765 కేవీ లైన్‌తో దేశ గ్రిడ్‌లో కలిసింది, అక్కడ ఆ కలయిక లేదు. అయితే లంకె ఒక్కటే చాలదు. పొరుగు గ్రిడ్లూ అదే చలిలో కోతలు పెట్టాయి. టెక్సస్‌లోనే ఉన్న ఎల్ పాసో చాలావరకు గట్టెక్కింది. అది పశ్చిమ గ్రిడ్‌లో ఉంది, పైగా 2011 చలి దెబ్బ తిన్నాక తన కేంద్రాలను చలికి తట్టుకునేలా మార్చుకుంది. మిగతా చోట్ల అలా మార్చుకోవాలన్న సలహా పదేళ్లు సలహాగానే మిగిలింది. 2021లో గానీ చట్టం రాలేదు. ఆ ఆలస్యం క్షమించదగినది కాదు.

ప్రశ్న: ఆ తుపానులో, ఫోన్‌లో చార్జింగ్ ఉన్నా మా అమ్మాయికి కాల్ కలవలేదు. మళ్లీ అలా జరిగితే ఏం చెయ్యాలి?
*- విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ*

జవాబు: ఫోన్‌కు చార్జింగ్ ఉంది, టవర్‌కు కరెంటు లేదు మాస్టారూ. టవర్ బ్యాటరీలు సాధారణంగా కొన్ని గంటలే వస్తాయి. తర్వాత జనరేటర్ ఉండాలి, దానికి డీజిల్ చేరాలి. మంచు కమ్మిన రోడ్డు మీద ట్యాంకరు రాదు. ఇంట్లో ఫైబర్ ఉన్నా రౌటర్‌కూ, ఫైబర్ పెట్టెకూ కరెంటు కావాలి.

తుపాను హెచ్చరిక రాగానే పవర్ బ్యాంకులు నింపి పెట్టుకోమనండి. రౌటర్‌కు చిన్న యూపీఎస్ ఉంటే, అవతల నెట్‌వర్క్ బతికి ఉన్నంతసేపు పనికొస్తుంది. కాల్ కలవని చోట కూడా చిన్న ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఉంది. రోజుకు రెండు వేళలు ముందే అనుకుని, అప్పుడే ఫోన్ ఆన్ చెయ్యమనండి. మిగతా వేళల్లో మీరూ పదేపదే కాల్ చెయ్యకండి.

మరొక్క మాట తప్పక చెప్పండి. వెచ్చదనం కోసం ఇంట్లో బొగ్గులు రాజెయ్యకూడదు, గ్యారేజీలో కారు నడపకూడదు, జనరేటర్ లోపల పెట్టకూడదు. ఆ తుపానులో అధికారిక లెక్క ప్రకారం 246 మంది పోయారు. ఎక్కువమందిని చలే తీసుకుపోయింది. కొందరు మాత్రం చలి కాచుకోబోయి, వాసన కూడా లేని కార్బన్ మోనాక్సైడ్‌కు బలయ్యారు.